‘కొలెస్ట్రాల్ లేని’ నూనెయు, రైతు వేరుసెనగయు

రైతు తన చేనిలో పండించిన వేరుసెనగను అడితికి తోలి అమ్మివేసి, ఆ సొమ్ములో కొంత పెట్టి అంగడినుండి నూనె డబ్బా కొనితెచ్చుకొనుట నేడు మన పల్లెలలో సర్వసాధారణమైన పని. ఎందుల కిట్లు చేయుచున్నారని యడిగినచో రెండు సమాధానములు వచ్చుచున్నవి. డబ్బానూనె వెల తక్కువ యనునది మొదటిది. దానిలో కొలెస్ట్రాల్ లేదట, గుండెకు మంచిదట యనునది రెండవది. మొదటిదానికి లెక్కలతో జవాబు చెప్పవలయును. దాని నిప్పటికి విడిచెదము. రెండవదానిని గురించి మా యభిప్రాయమును ఈ నెల సభ్యుల యెదుట నుంచదలచితిమి. ఏలయన నీ రెండవ మాట అబద్ధము గాదు. కాని అబద్ధముకంటె నెక్కువగా మోసపుచ్చు నిజము.

కొలెస్ట్రాల్ జంతువుల దేహమున పుట్టు పదార్థము. పాలు, నెయ్యి, గ్రుడ్డు, మాంసము, చేప – వీనిలో అది యుండును. లెక్కకు రానంత స్వల్పము తప్ప చెట్టునుండిగాని గింజనుండిగాని వచ్చు నే నూనెలోను అది యుండదు. వేరుసెనగ నూనెలో లేదు, నువ్వుల నూనెలో లేదు, తవుడు నూనెలో లేదు, కొబ్బరి నూనెలో లేదు, పామాయిలులో లేదు, వనస్పతిలోను లేదు. అన్నిటిలోను లేనిదానిని ఒక డబ్బామీద మాత్రము గొప్పగా అచ్చువేయుట, "మా బియ్యములో ఎముకలు లేవు" అని బస్తామీద వ్రాసి అమ్మజూచినట్లుండును. ఆ వ్రాత చదివిన వానికి, మిగిలిన బియ్యములో ఎముకలు గలవేమో యను అనుమానము కలుగుట సహజము. మన యింటి వేరుసెనగ నూనెపై గూడ నిట్టి యనుమానమే కలిగినది. పెరటి చెట్టు వైద్యమునకు పనికిరాదను సామెత ఇక్కడ అక్షరాల నిజమైనది.

ఐతే "నూనెలో కొలెస్ట్రాల్ లేనప్పుడు ఏ నూనె తిన్న నేమి?" అని మరికొంద రడుగవచ్చును. అదియు తప్పే. నూనెలో కొలెస్ట్రాల్ లేకపోయినను, ఆ నూనె మన దేహమందలి కొలెస్ట్రాలును పెంచుటకో తగ్గించుటకో కారణమగుచున్నది. ఇది యెట్లు జరుగునో తెలిసికొన్నగాని డబ్బామీది వ్రాతలలో ఏది సరుకో ఏది పొల్లో యేర్పరుప లేము. కాన సభ్యులు కొంచెము ఓపికతో ఈ క్రింది సంగతులను చదువవలెనని కోరుచున్నాము.

మొట్టమొదట తెలియవలసిన దేమనగా, కొలెస్ట్రాల్ విషము కాదు. మన శరీరములోని ప్రతి జీవకణపు పొరకును అది యవసరము. తిండిని జీర్ణింపజేయు పిత్తలవణములును, కొన్ని హార్మోనులును దానినుండియే తయారగుచున్నవి. కనుకనే మనము తినకపోయినను శరీరము దానిని స్వయముగ చేసికొనును. కీడు వచ్చునది దానివలన గాదు, అది రక్తములో మితిమీరి రక్తనాళముల గోడలలో పేరుకొనుటవలన. 1913వ సంవత్సరమున రష్యా దేశమున అనిచ్కోవ్ అను శాస్త్రజ్ఞుడు కొలెస్ట్రాలును పొద్దుతిరుగుడు నూనెలో కరిగించి కుందేళ్లకు తినిపించెను. వాని రక్తనాళములు పూడుకొనిపోయెను. వట్టి నూనె మాత్రమే తిన్న కుందేళ్లకు అట్లు కాలేదు. అప్పటినుండి కొలెస్ట్రాల్ పేరు లోకమున మ్రోగినది. కాని కుందేలు ఆకులలములు తిను జంతువు. జంతువుల కొవ్వును సర్దుకొను శక్తి దానికి తక్కువ. మనుష్యుని దేహమున అట్టి శక్తి చాలవరకు కలదు. కాబట్టి కుందేటికి జరిగినదంతయు మనకు జరుగునని చెప్పరాదు.

ఇక ప్రేగులోని సంగతి. మన చిన్నప్రేగులోనికి ప్రతిదినము కొలెస్ట్రాల్ రెండు దారుల వచ్చుచున్నది. తిండితో వచ్చునది సాధారణముగ 300 మిల్లీగ్రాములు, లేక యంతకు తక్కువ. కాలేయమునుండి పిత్తరసముతో గలసి దిగునది దాదాపు 1,000 మిల్లీగ్రాములు. అనగా మాంసమును గ్రుడ్డును ముట్టని వాని ప్రేగులో గూడ నిత్యము కొలెస్ట్రాల్ ప్రవహించుచునే యున్నది. దీనిలో సుమారు సగము తిరిగి లోపలికి పీల్చబడి, మిగిలినది మలముతో వెడలిపోవును. ఈ పీల్చుకొను పాలు అందరిలో నొక్కటి గాదు; కొందరిలో తక్కువ, కొందరిలో చాల యెక్కువ. ఒకే తిండి తిన్న అన్నదమ్ములలో ఒకని రక్తమున కొలెస్ట్రాల్ హెచ్చుగను మరియొకనిలో తక్కువగను ఉండుటకు ఇదియు నొక కారణము.

కొలెస్ట్రాల్ నీటిలో కరుగదు. ప్రేగులో నున్నదో నీరు. మరి అది ప్రేగుగోడను చేరుట యెట్లు? పిత్తలవణములు, తిన్న నూనె జీర్ణమై విడివడిన కొవ్వు ఆమ్లములు, ఇతర కొవ్వు తునుకలు గలసి మిక్కిలి సూక్ష్మమైన తెప్పలవలె నేర్పడును. ఆ తెప్పలెక్కి కొలెస్ట్రాల్ ప్రేగుగోడను జేరును. బొత్తిగా నూనె లేని తిండితో తెప్పలు చిన్నవి. తగినంత కొవ్వు పడినప్పుడు పిత్తాశయము ముడుచుకొని పిత్తరసమును విడుచును, తెప్పలు పెద్దవియై ఎక్కువ సరుకు మోయును. కాబట్టి నూనె తనలో కొలెస్ట్రాల్ లేకపోయినను కొలెస్ట్రాలును మోయు పడవగా పనిచేయుచున్నది. డబ్బామీది వ్రాత చెప్పని మొదటి సంగతి యిది.

కాలువ నిండ నీరు వచ్చినంత మాత్రమున చేను తడవదు, తూము తెరచియుండవలెను. ప్రేగుగోడయందలి ప్రతి కణమునకును అట్టి తూ మొకటి కలదు. దానికి శాస్త్రజ్ఞులు ఎన్‌పీసీ1ఎల్1 అని పేరు పెట్టిరి. అది 2004లో గుర్తింపబడినది. ఇందులో నొక వింత యున్నది. కొలెస్ట్రాలును ప్రేగులో అడ్డగించు ఎజెటిమైబ్ అను మందునకు అంతకు ముందే, అనగా 2002లోనే, అమెరికాలో అనుమతి లభించినది. మందు పనిచేయుట ముందు తెలిసినది. అది యీ తూమునే మూయుచున్నదను కారణము తరువాత తెలిసినది. కణములోనికి వచ్చిన సరుకులో కొంత భాగమును, చేనిలో నిలిచిన నీటిని గూడతో బయటికి చల్లినట్లు, తిరిగి ప్రేగులోనికి తోడిపోయు జంట యంత్రము వేరొకటి కలదు. ఏబీసీజీ5, ఏబీసీజీ8 అని దాని రెండు భాగముల పేర్లు. చెట్లలోను గింజలలోను కొలెస్ట్రాలును బోలిన స్టెరాల్ పదార్థములు గలవు; మన దేహమునకు వానితో పని లేదు. ఈ జంట యంత్రము వానిని ముఖ్యముగ బయటికి నెట్టివేయును. పుట్టుకతో ఈ యంత్రము చెడిన కొద్దిమందిలో గింజల స్టెరాలులు గూడ రక్తమున చేరి చిన్న వయస్సుననే గుండెజబ్బు కలిగించుట వైద్యులు చూచియున్నారు.

లోపల మిగిలిన కొలెస్ట్రాలునకు ఒక ఎంజైము కొవ్వు ఆమ్లమును జతచేర్చి మూటగట్టును. ఆ మూటలు ఇతర కొవ్వుతో గలసి కైలోమైక్రాన్ అను బండ్లకెక్కి శోషరస నాళముల గుండ రక్తములోనికి బయలుదేరును. ఈ మూట కట్టుటకు కావలసిన కొవ్వు ఆమ్లము మనము తిన్న నూనెనుండి వచ్చునదే. కావున ఏ జాతి కొవ్వు ఆమ్లము వచ్చినదో దానిని బట్టి మూటల పని వేగముగనో నెమ్మదిగనో సాగును. డబ్బామీది వ్రాత చెప్పని రెండవ సంగతి యిది.

కొవ్వు ఆమ్లములు ముఖ్యముగ మూడు తెగలు. పామిటిక్, స్టియరిక్, లారిక్ మొదలగునవి సంతృప్త ఆమ్లములు. ఇవి యెక్కువగా నున్న కొవ్వు చలికి గడ్డకట్టును. ఓలియిక్ ఆమ్లము ఏక అసంతృప్తము. లినోలియిక్ ఆమ్లమును, చేపనూనెలోని ఆమ్లములును బహు అసంతృప్తములు. ప్రయోగశాలలలో మనుష్యుల ప్రేగునుండి తీసి పెంచిన కాకో-2 అను జాతి కణములపై వీనిని పరీక్షించుచున్నారు. ఓలియిక్ ఆమ్లము మూటలు గట్టుటకును బండ్లు కదలుటకును తోడ్పడునని అట్టి పరీక్షలలో కనబడినది. చేపనూనెలోని డీహెచ్ఏ అను ఆమ్లము పైన చెప్పిన తూముయొక్క తయారీని తగ్గించునని 2007లో ఆ కణములయందు కనుగొనిరి. చేపనూనె తినిన హ్యామ్‌స్టర్ అను ఎలుకజాతి జంతువులలోను అట్లే జరిగినది. స్టియరిక్ ఆమ్లము మేపిన హ్యామ్‌స్టర్లలో కొలెస్ట్రాల్ పీల్చుకొనుట తగ్గినట్లును కనబడినది.

ఇక్కడ మేమొక హెచ్చరిక చేయవలసియున్నది. ప్రేగుకణమునందు ఓలియిక్ ఆమ్లము మూటలు గట్టుటకు తోడ్పడుచున్నది గదా, కాన అది గలిగిన వేరుసెనగ నూనె చెడ్డదని ఎవరైన ననవచ్చును. స్టియరిక్ ఆమ్లము పీల్పును తగ్గించుచున్నది గదా, కాన గడ్డకట్టు కొవ్వులన్నియు మంచివని మరియొక రనవచ్చును. ఇట్టి మాటలు అర్ధజ్ఞానమునుండి పుట్టినవి. గిన్నెలో పెంచిన కణము మనిషి గాదు. హ్యామ్‌స్టర్ కూడ మనిషి గాదు. ఒక్క మడిని జూచి చెరువులోని నీటిని లెక్కగట్టరాదు. ప్రేగు ఒక మడి మాత్రమే. రక్తమున కొలెస్ట్రాల్ ఎంత నిలువవలెనో తీర్చు పెద్ద తూము కాలేయమున నున్నది.

రక్తములో తిరుగు చెడ్డ కొలెస్ట్రాల్, అనగా ఎల్‌డీఎల్ అనునది, కాలేయకణముల మీది గ్రాహకములచే పట్టుకొనబడి లోపలికి లాగబడును. ఈ గ్రాహకములను కనుగొన్నందులకే అమెరికా శాస్త్రజ్ఞులు బ్రౌన్, గోల్డ్‌స్టీన్‌లకు 1985లో నోబెలు బహుమాన మీయబడెను. సంతృప్త కొవ్వు మిక్కుటమైనచో ఈ గ్రాహకముల పని మందగించును. అప్పుడు చెడ్డ కొలెస్ట్రాల్ రక్తములోనే నిలిచిపోవును. బహు అసంతృప్త కొవ్వు దీనికి వ్యతిరేకముగ పనిచేయును. మనుష్యులకే వేర్వేరు నూనెలు పెట్టి రక్తమును పరీక్షించి, ఆన్సెల్ కీస్ అను నతడును హెగ్‌స్టెడ్ అను నతడును 1950, 1960 దశకములలో అమెరికాలో లెక్కలు తేల్చిరి. సంతృప్త కొవ్వు రక్తపు కొలెస్ట్రాలును పెంచు బలము, బహు అసంతృప్త కొవ్వు దానిని తగ్గించు బలమునకు సుమారు రెండింతలని కీస్ లెక్కలు చెప్పినవి. తిండిలోని కొలెస్ట్రాలునకంటె తిండిలోని కొవ్వు జాతియే ఎక్కువ బలవత్తరమని తేలినది. సంతృప్త కొవ్వునకు బదులుగ ఓలియిక్ ఆమ్లము గల నూనె తినినను రక్తమున చెడ్డ కొలెస్ట్రాల్ తగ్గును. అమెరికా ప్రభుత్వపు ఆహార సూత్రములలో దినమునకు 300 మిల్లీగ్రాముల కొలెస్ట్రాల్ అను హద్దు చిరకాల ముండి 2015 నాటి కూర్పులో తొలగింపబడెను. సంతృప్త కొవ్వుపై హద్దు మాత్రము నిలిచియున్నది. ప్రపంచ ఆరోగ్య సంస్థయు 2023లో, మొత్తము తిండి శక్తిలో సంతృప్త కొవ్వు పదింట నొకపాలు మించరాదనియు, ట్రాన్స్ కొవ్వు నూటి కొక పాలు మించరాదనియు చెప్పినది.

ఇంతవరకు చదివిన సభ్యులకు మా వాదము తేటపడియుండును. డబ్బామీద చూడవలసినది "కొలెస్ట్రాల్ లేదు" అను పెద్ద అక్షరములు గావు. వెనుక చిన్న అక్షరములలో నుండు సంతృప్త కొవ్వు, ట్రాన్స్ కొవ్వు లెక్కలు. ఆ కొలబద్దతో మన నూనెలను కొలిచి చూతము. నూటికి ఇంత యని చెప్పు ఈ లెక్కలు విత్తనమును, నేలను బట్టి కొంచె మటునిటుగ నుండును. కొబ్బరి నూనెలో సంతృప్త కొవ్వు 90 పాళ్ల దరి. నెయ్యిలో 60కి పైబడి. పామాయిలులో దాదాపు 50. దానిని వడగట్టి తీసిన పామోలిన్ అను పలుచని భాగములోను 40కి పైగా నుండును. తవుడు నూనెలో 20 పాళ్లు. వేరుసెనగ నూనెలో 20కి లోపు. మిగిలినదానిలో ఓలియిక్ ఆమ్లము పెద్దపాలు, లినోలియిక్ ఆమ్లము దాని తరువాతి పాలు. నువ్వుల నూనెలో సంతృప్తము 15. మిగిలినది ఆ రెండు ఆమ్లములకును ఇంచుమించు సమభాగములు. పొద్దుతిరుగుడులో 11, కుసుమలో 10కి లోపు. ఈ రెంటి మామూలు రకములలో లినోలియిక్ ఆమ్లమే యధికము. ఈ వరుసలో మన వేరుసెనగయు నువ్వులును ఎక్కడ నున్నవో చూడుడు. ఏ డబ్బానూనెకును తలవంచవలసిన స్థానమున అవి లేవు.

ఇక్కడ మాకు ఇబ్బంది కలిగించు విషయ మొకటి కలదు. దానిని దాచిపెట్టుట సహకార ధర్మము గాదు. మన తెలుగు జిల్లాలలో, ముఖ్యముగ ఏలూరు, పశ్చిమ గోదావరి, ఖమ్మము ప్రాంతములలో, ఆయిల్‌పామ్ తోటలు వేసిన రైతు సోదరులు వేలకొలది యున్నారు. 2021లో కేంద్ర ప్రభుత్వ మీ పైరునకై ప్రత్యేక పథకమునే ప్రకటించినది. ఎకరమునకు దిగు నూనె లెక్కలో దానికి సాటి పైరు లేదు. మన దేశమున వాడు వంటనూనెలో సగమునకు పైగా విదేశములనుండి వచ్చుచుండగా, ఈ రైతులు చేయుచున్నది దేశసేవయే. వారి తోటలను నరికివేయుడని మేము చెప్పుట లేదు. పామాయిలు విషమనియు చెప్పుట లేదు; అందులో ట్రాన్స్ కొవ్వు లేదు, వేపుడునకు చాలసేపు నిలుచును, వెల తక్కువ. కాని దినదినమును మూడుపూటలను అదే యొక నూనె తినువానికి సంతృప్త కొవ్వు మితిమీరుట నిశ్చయము. అమ్మువాడు మన సభ్యుడే కావచ్చును. కొనువాడును మన సభ్యుడే. అమ్మువాని లాభముకొరకు కొనువానికి నిజము చెప్పకపోయినచో, దళారికిని సహకార సంఘమునకును భేద మేమి?

నెయ్యి సంగతియు నింతే. పాడి రైతులు మా మాటకు నొచ్చుకొనవలదు. అన్నములో ఒక చెంచా నెయ్యి వేసికొన్నవాని గుండె ఆగిపోదు. కష్టించి పనిచేయు మన తాతలు నెయ్యి తిని బ్రతికిరి గదా యని కొందరందురు. వారు తిన్న నెయ్యిని మాత్రమే గాక, వారు నడచిన నడకను, దున్నిన దుక్కిని, తిన్న జొన్నరొట్టెలను గూడ లెక్కలోనికి తీసికొనవలెను. నేడు దుక్కి ట్రాక్టరు చేయుచున్నది, నడక మోటారుబండి చేయుచున్నది. నూనె గరిటె మాత్రము పెద్దదైనది.

వనస్పతి విషయమున మాత్రము మా యభిప్రాయమునకు మినహాయింపులు లేవు. ద్రవమైన నూనెలోనికి హైడ్రోజన్ వాయువు నెక్కించి గడ్డకట్టించు ఉపాయము 20వ శతాబ్దారంభమున యూరపులో పుట్టినది; 1937లో మన దేశమున డాల్డా పేరిట ప్రచారము పొందినది. ఈ పనిలో పుట్టు ట్రాన్స్ కొవ్వు చెడ్డ కొలెస్ట్రాలును పెంచుటయే గాక మంచి కొలెస్ట్రాలును తగ్గించునని 1990లో హాలెండు దేశపు శాస్త్రజ్ఞులు చూపిరి. కొలెస్ట్రాల్ రవ్వంతయు లేని పదార్థమే అన్నిటికంటె గుండెకు కీడు చేసినదను సంగతి, డబ్బామీది వ్రాత యెంత వట్టిదో చెప్పుటకు చాలును. మన దేశపు చట్టము ఈ ట్రాన్స్ కొవ్వును క్రమముగ తగ్గించుచు వచ్చి, 2022 జనవరి మొదలుకొని నూటికి 2 పాళ్లు మించరాదని నిర్ణయించినది. ఇది మంచి పని. ఐనను ట్రాన్స్ కొవ్వు తగ్గినంత మాత్రమున వనస్పతి మంచినూనె కాదు. దానిని గడ్డగా నిలుపుటకు సంతృప్త కొవ్వు ఉండియే తీరవలెను.

కావున సహకార సంఘముల పాలకవర్గములకు మేము కొన్ని సూచనలు చేయుచున్నాము.

మొదటిది. సంఘపు దుకాణమున అమ్ము ప్రతి నూనెకును సంతృప్త కొవ్వు నూటి కెంతయో, ట్రాన్స్ కొవ్వు ఎంతయో ఒక నల్లబల్లమీద పెద్ద తెలుగు అక్షరములలో వ్రాసి వ్రేలాడదీయవలెను. ఖర్చు సుద్దముక్క మాత్రమే. "కొలెస్ట్రాల్ లేదు" అను ప్రకటన కాగితములను మాత్రము దుకాణపు గోడలపై అంటింపనీయరాదు.

రెండవది. వనస్పతిని మన దుకాణములలో అమ్మరాదు. దానివలన వచ్చు కొద్ది లాభము సభ్యుల యారోగ్యమునకు సరిపోదు.

మూడవది. వేరుసెనగ, నువ్వులు పండు గ్రామములలో నాలుగైదు సంఘములు గలసి గానుగ పెట్టుకొనుటను ఆలోచింపవలెను. అప్పుడు నూనె యింటికి, తెలకపిండి పశువులకు దక్కును. కూలి ఊరిలోనే నిలుచును. కాని యిందు మిక్కిలి జాగరూకత కావలయును. తడిసిన కాయలో, సరిగా నెండని కాయలో పుట్టు బూజువలన అఫ్లటాక్సిన్ అను విషము కలుగును. అది కాలేయమును చెరచును. పెద్ద మిల్లులలో నూనెను శుద్ధిచేయునప్పుడు అది చాలవరకు పోవును. గానుగనూనెలో నట్లు పోదు. కనుక కాయను కళ్లములో బాగుగ నెండబెట్టి, బూజు పట్టినవానిని, ముడుచుకొన్నవానిని, పగిలినవానిని ఏరివేసి ఆడవలెను. చెడిన గింజ పశువుల పిండిలోనికిని పోరాదు. చట్టప్రకారము అనుమతి పొంది, నూనెను మూతవేసిన డబ్బాలలోనే అమ్మవలెను. ఇంత శ్రద్ధ చేయలేని సంఘము గానుగ పెట్టకుండుటయే మేలు.

నాలుగవది. ఒకే నూనెను ఏడాది పొడుగున వాడక మార్చి మార్చి వాడుడని సభ్యులకు చెప్పవలెను. తవుడు నూనె, నువ్వుల నూనెలలో గింజల స్టెరాలులు అధికము. అవి ప్రేగులోని తెప్పలమీద కొలెస్ట్రాలుతో చోటుకై పోటీపడి దానిని దింపివేయును. దినమునకు 2 గ్రాముల స్టెరాలులు తినినచో చెడ్డ కొలెస్ట్రాల్ నూటికి 10 పాళ్ల వరకు తగ్గునని పరీక్షలలో తేలినది. కాని అంత స్టెరాలు నూనెనుండియే రావలెనన్న మితిమీరిన నూనె తాగవలసివచ్చును. కాబట్టి దానిని మందుగా నమ్మరాదు, కొసరుగా నెంచవలెను. పప్పులు, కూరలు, ముడిధాన్యములలోని పీచు పిత్తలవణములను పట్టుకొని బయటికి కొనిపోవును. వానిని తిరిగి చేయుటకు కాలేయము కొలెస్ట్రాలును ఖర్చుపెట్టవలసి వచ్చును. ఈ మేలు ఏ డబ్బాలోను దొరకదు, చేనిలోనే దొరకును.

ఐదవది, అన్నిటికంటె ముఖ్యమైనది, కొలత. నూనె మంచిదైనను ఎక్కువైనచో చెరుపే. 2010లో భారత వైద్య పరిశోధన మండలి, కూర్చుండి పనిచేయు పురుషునకు దినమునకు 25 గ్రాములు, కష్టమైన పనిచేయువానికి 40 గ్రాములు కంటికి కనబడు నూనె, నేతులు చాలునని లెక్కగట్టినది. స్త్రీలకు ఇంకను కొంత తక్కువ. తలకు 30 గ్రాముల చొప్పున చూచినను, నలుగురున్న యింటికి నెలకు 3 కిలోల 600 గ్రాములు మించవు. మన యింట నెలకెంత నూనె యగుచున్నదో ప్రతి సభ్యుడును ఈ నెల కొలిచి చూచుకొనునుగాక. ఒకసారి వేపిన నూనెను మరల మరల కాచుటయు మానవలెను.

నూనె మార్చినంత మాత్రమున వైద్యుడిచ్చిన మందు మానరాదని గూడ చెప్పవలసియున్నది. కొందరికి కొలెస్ట్రాల్ వంశపారంపర్యముగ హెచ్చును. వారికి ఏ నూనెయు చాలదు. మధుమేహము గలవారు, ఇంటిలో చిన్నవయస్సున గుండెజబ్బుతో పోయినవారు గలవారు రక్తపరీక్ష చేయించుకొని వైద్యుని మాట వినవలెను.

సరుకును చూచి కొనుట రైతునకు నేర్పనక్కరలేదు. విత్తనము కొనునప్పుడు సంచిమీది బొమ్మను నమ్మక గింజను అరచేతిలో పోసికొని చూచును. ఎద్దును కొనునప్పుడు పళ్లు లెక్కబెట్టును. తానును తన పిల్లలును నిత్యము తిను నూనె విషయమున మాత్ర మా జాగ్రత్త నేల విడువవలెను? ఇకమీదట డబ్బాను త్రిప్పి వెనుకనున్న లెక్కను చదువుడు. చదువ లేనివారు సంఘపు గుమాస్తాచే చదివించుకొనుడు. ఆ లెక్కను తెలుగులో చదివి చెప్పుట గుమాస్తా విధులలో నొకటిగా ప్రతి సంఘమును రాబోవు మహాసభలో తీర్మానించునుగాక యని మా కోరిక.